ఎవరి ఒంటి కొలతకు కుట్టిన చల్లదనం?

గత సంచికలో మన భవన నిర్మాణ సంఘంవారు ప్రకటించిన నివేదికను శ్రద్ధగా చదివాను. హ్యూస్టన్ నగరంలో మనకంటూ ఒక గూడు ఏర్పడబోతున్నందుకు అందరిలాగే నేనూ సంతోషించాను. వేదిక వెడల్పు, తోరణం ఎత్తు, వంటగది గ్రానైటు రంగు, కార్లు నిలిపే స్థలం, వీటన్నిటికీ కలిపి మూడు పేజీలు వెచ్చించారు. ఎయిర్ కండిషనింగుకు మాత్రం రెండే వాక్యాలు దక్కాయి. భవనమంతటికీ కలిపి పైకప్పు మీద ఒకే పెద్ద యంత్రమట, వేదిక పక్క గోడకు ఒక థెర్మోస్టాటట. పెద్దల గదికి కూడా అందులోంచే ఒక గొట్టం లాగుతారట. నా అభ్యంతరమంతా ఈ రెండు వాక్యాల మీదే.

మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఈ ఏర్పాటు పెద్దవాళ్ళకు సుఖాన్నివ్వదు, కొందరికి హాని కూడా చేస్తుంది. నేను ఇంజనీరును కాను. కానీ ఈ యంత్రం చివరికి పనిచేసేది మనిషి ఒంటి మీద. ఆ ఒంటి సంగతి కొంత చదువుకున్నవాణ్ణి కాబట్టి నోరు విప్పే హక్కు నాకుందనుకుంటాను.

మనం అద్దెకు తీసుకునే హాళ్ళలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఉగాది సభలో సూట్లు తొడుక్కున్న కార్యవర్గ సభ్యులు వేదిక మీదా కిందా పరుగులు పెడుతుంటారు. వాళ్ళకు చెమట. నాట్యం చేసే పిల్లలకు చెమట. దాంతో ఎవరో వెళ్ళి థెర్మోస్టాటును 66కి దించుతారు. ముందు వరుసలో గౌరవంగా కూర్చోబెట్టిన పెద్దలేమో శాలువాలు నెత్తిదాకా లాక్కుని, కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని, కవిసమ్మేళనం ఎప్పుడవుతుందా అని చూస్తుంటారు. మనం వాళ్ళకు సన్మానం చేసి కప్పే శాలువా ఒక్కటే ఆ పూట వాళ్ళకు నిజంగా పనికొచ్చే వస్తువు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఇకమీద అద్దె హాలు అన్న సాకు మనకుండదు. కట్టేది మనమే.

ఈ యంత్రం పుట్టుకే మనిషి కోసం కాదు. 1902లో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక అచ్చుయంత్రశాల కోసం దీన్ని రూపొందించాడు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని రంగుల అచ్చు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చునేది కాదు. ఆ కాగితం క్షేమం కోసం తేమను అదుపులో పెట్టే యంత్రం వచ్చింది. మనుషులు తర్వాత వచ్చి దాని నీడన చేరారు. కాగితానికి వయసుతో చర్మం పలచబడదు, రక్తనాళాలు బిరుసెక్కవు, అది రాత్రి రెండుసార్లు లేవదు. మనిషి సుఖానికి లెక్క కట్టాల్సి వచ్చినప్పుడు కూడా, కాగితానికి కట్టినట్టే ఒకే కొలత కట్టారు.

ఆ లెక్క సంగతి చెప్పాలి. డెన్మార్కు శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో ఉష్ణసుఖం మీద ఒక గ్రంథం ప్రచురించాడు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడల వేడి, గాలి వేగం, తేమ, ఒంటిమీది బట్ట, ఒంట్లో పుట్టే వేడి, ఈ ఆరూ తెలిస్తే మనుషులు ఎంత సుఖంగా ఉంటారో సమీకరణంతో చెప్పవచ్చునన్నాడు. గొప్ప పనే, సందేహం లేదు. ఈ దేశపు ఇంజనీర్లు చేతబట్టుకునే ఆష్రే 55 ప్రమాణం ఇప్పటికీ ఆ సమీకరణాన్ని వాడుతోంది. కాని ఆయన తన గదుల్లో కూర్చోబెట్టి పరీక్షించినవాళ్ళలో అత్యధికులు కాలేజీ విద్యార్థులు. ఇక ఒంట్లో పుట్టే వేడికి వాడే ప్రామాణిక అంకె 70 కిలోల, 40 ఏళ్ళ మగవాడిది. ఆ అంకె ఆడవాళ్ళ విషయంలో ఎక్కువ చూపిస్తోందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు ప్రకటించాక పత్రికల్లో కొన్నాళ్ళు గొడవ జరిగింది. ఆఫీసుల్లో ఆడవాళ్ళు స్వెట్టర్లు ఎందుకు వేసుకుంటున్నారో లోకానికి అప్పుడు అర్థమైంది. సరే, ఆ కొలతకు మన 76 ఏళ్ళ అత్తగారు, 45 కిలోల మనిషి, నేత చీర కట్టుకుని చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చినావిడ, ఎంత దూరంలో ఉందో మీరే చూడండి.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. ఫాంగర్ ముసలివాళ్ళను కూడా కొందరిని పరీక్షించాడు. వాళ్ళు కోరుకునే వేడి కుర్రవాళ్ళు కోరుకునేదే అన్నాడు. ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, చర్మం నుంచి ఆవిరయ్యే తేమా తక్కువే, ఒకటికొకటి సరిపోయిందన్నాడు. మన సంఘంలోని ఇంజనీరు మిత్రులొకరు ఫోనులో నాకు ఈ వాదమే వినిపించారు. అలాగే అనుకుందాం. హాయిగా ఉందనిపించే డిగ్రీ ఇద్దరికీ ఒకటే కావచ్చు. ఆ డిగ్రీ నుంచి కాస్త అటో ఇటో తప్పినప్పుడు ఏమవుతుందన్నదే ప్రశ్న. కుర్రవాడి ఒళ్ళు సర్దుకుంటుంది. ముసలి ఒళ్ళు సర్దుకోలేదు.

చలి వేస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపల దాచాలి. వయసుతో ఆ ముడుచుకోవడం మందగిస్తుంది. వణికి వేడి పుట్టించడానికి కండ కావాలి; వయసుతో అది కరిగిపోతుంది. వేడి ఎక్కువైతే చర్మానికి రక్తం పరుగెత్తాలి, చెమట పట్టాలి. రెండూ తగ్గుతాయి. ఒంట్లో నీరు తగ్గినా దాహం వెయ్యదు. దీనికి తోడు మేం రాసే మందులున్నాయి. రక్తపోటుకు ఇచ్చే నీటి బిళ్ళలు ఒంట్లో నీటిని తీసేస్తాయి, బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, మూత్రం ఆపుకోలేని వాళ్ళకిచ్చే మందుల్లో కొన్ని చెమటనే ఆపేస్తాయి. చలిగదిలో రక్తపోటు పెరుగుతుంది. చలికి మూత్రం ఎక్కువగా వస్తుంది. అర్ధరాత్రి లేచి, చల్లటి పలకల మీద వట్టికాళ్ళతో నడిచి, బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళ ఇంట్లో థెర్మోస్టాటు ఎంతలో ఉందని నేను అడుగుతాను. ఆ ప్రశ్నకు పిల్లలు నావైపు వింతగా చూస్తారు.

"మా నాన్నగారిని అడిగామండీ, బానే ఉంది నాయనా అన్నారు" అంటారు. అది సాక్ష్యంగా పనికిరాదు. మొదటి కారణం మీకు తెలిసిందే. కొడుకింటికి వచ్చిన తండ్రి, అందులోనూ కోడలు వింటుండగా, బాగాలేదనడు. రెండో కారణం వైద్యానికి సంబంధించింది. 1981లో ఇంగ్లండులో కాలిన్స్, ఎక్స్‌టన్-స్మిత్ మొదలైనవారు ముసలివాళ్ళ చేతికి, కుర్రవాళ్ళ చేతికి గది వేడిని మార్చుకునే మీట ఇచ్చి చూశారు. సగటున ఇద్దరూ కోరుకున్నది దాదాపు ఒకటే. కాని ముసలివాళ్ళు గది బాగా చల్లబడేదాకా, లేదా బాగా వేడెక్కేదాకా మీట జోలికి పోలేదు. తేడా వాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. అంటే "బానే ఉంది" అని మనస్ఫూర్తిగా చెప్పినా అది నిజం కాకపోవచ్చు. కాబట్టి వాళ్ళ తరఫున గదే జాగ్రత్తపడాలి. యంత్రాన్ని అందుకు తగ్గట్టు కట్టాలి.

ఇక రెండో పక్షం. "వాళ్ళు రెంటచింతల ఎండలు చూసినవాళ్ళండీ, ఈ టెక్సాస్ వేడి వాళ్ళనేం చేస్తుంది? మేం ఆఫీసుకెళ్ళగానే ఏసీ 85కి పెట్టేస్తాం, కరెంటు కలిసొస్తుంది" అనేవారు కూడా మనలో ఉన్నారు. పై బాపతువాళ్ళకంటే వీళ్ళంటే నాకు ఎక్కువ భయం. ఎండకు ఒళ్ళు అలవాటుపడటమనేది డిగ్రీ పట్టా వంటిది కాదు, ఒకసారి తెచ్చుకుంటే చచ్చేదాకా ఉండటానికి. కొన్ని వారాలు చల్లటి గదుల్లో గడిపితే అది పోతుంది. ఆ ఎండలు తిన్నప్పుడు ఆయనకు ముప్ఫై ఏళ్ళు, ఇప్పుడు డెబ్భై ఎనిమిది. అంత దూరమెందుకు, 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బ మృతులు వెయ్యి దాటారు. ఎండకు పుట్టుకనుంచీ అలవాటున్న గడ్డ మీదే అంతమంది పోయారు.

హైదరాబాదు అపార్టుమెంట్లలో 2008 వేసవిలో ఇంద్రగంటి మాధవి గారు చేసిన పరిశోధనను కొందరు నాకు ఎదురు చూపించవచ్చు. ఏసీ లేకుండా కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసుకుని బతికే మనవాళ్ళు సగటున 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఇక్కడి లెక్కలో 84 దగ్గర, హాయిగానే ఉన్నామన్నారని ఆవిడ చూపించారు. ఆ పరిశోధనంటే నాకు గౌరవం. తెల్లవాడి సూటుకు కొలిచిన అంకెను చీరకూ పంచెకూ తగిలించకూడదని అది గట్టిగా చెప్పింది. కాని అది సుఖం గురించిన లెక్క. సుఖం వేరు, క్షేమం వేరు. కెనడాలో ఒట్టావా విశ్వవిద్యాలయంవారు పెద్దవయసువాళ్ళను ఎనిమిదేసి గంటలు 22, 26, 31, 36 డిగ్రీల గదుల్లో కూర్చోబెట్టి ఒంటి లోపలి వేడినీ గుండెనూ కొలిచారు. 26 దాకా ఫరవాలేదు. 31కి వచ్చేసరికి లోపలి వేడి పెరిగింది, గుండె మీద భారం పడింది. పెద్దలుండే గది 26 దాటకూడదని వాళ్ళు 2023లో తేల్చారు. 26 అంటే మన గోడమీది అంకెల్లో 79. ఈ రెండు పరిశోధనలనూ కలిపి చదివితే నాకు తోచేదిది: 66 అక్కర్లేదు, 85 పనికిరాదు. 76 నుంచి 78 మధ్య పెట్టి, పైన నెమ్మదిగా ఒక ఫ్యాను తిప్పితే మన పెద్దలకు సుఖమూ క్షేమమూ రెండూ దక్కుతాయి. ఫ్యాను ఒక్కటే చాలదని కూడా గుర్తుంచుకోవాలి. గది మరీ వేడెక్కాక, 42 సెల్సియస్ దగ్గర, ముసలివాళ్ళకు ఫ్యాను గాలి ఉపకారానికి బదులు గుండె వేగాన్ని, లోపలి వేడిని పెంచిందని 2016లో ఈ దేశంలోనే ఒక ప్రయోగంలో తేలింది.

ఇళ్ళలో ఈమధ్య బిగిస్తున్న తెలివైన థెర్మోస్టాట్ల గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. నల్లటి అద్దం మీద బూడిద రంగు అంకెలు. శుక్లాలున్న కంటికి కనబడవు, వేలు తగిలితే ఎక్కడికో వెళ్ళిపోతాయి. కనబడ్డా 78 అంటే ఏమిటో, జన్మంతా సెల్సియస్‌లో ఎండ వేడి చూసుకున్న మనిషికి తెలియదు. అసలు తాళంచెవి కొడుకు ఫోనులో ఉంటుంది, కొడుకు డౌన్‌టౌనులో ఉంటాడు. వీటిలో కొన్నిటికి మనిషి అలికిడి కనిపెట్టే కన్ను ఉంటుంది. కదలిక లేకపోతే ఇంట్లో ఎవరూ లేరని తీర్మానించుకుని, డబ్బు ఆదా చేద్దామని చల్లదనం తగ్గించేస్తుంది. మామగారు పడక్కుర్చీలో భాగవతం తెరుచుకుని రెండు గంటలు కదలకుండా కూర్చుంటే ఆ యంత్రం దృష్టిలో ఆయన లేనట్టే! ఇది చాలదన్నట్టు, ఏదో బహుమతి ఇస్తామంటే సంతకం పెట్టిన పాపానికి, కరెంటుకు కొరత వచ్చిన రోజున బయటివాళ్ళు ఇంటి థెర్మోస్టాటును పైకి జరిపే పథకాలున్నాయి. 2021 జూన్‌లో ఈ టెక్సాసులోనే అలా జరిగి, మధ్యాహ్నం నిద్రలేచేసరికి ఇల్లు వేడెక్కిపోయిందని జనం గగ్గోలు పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ పథకం నుంచి ఈ రోజే పేరు తీయించండి.

ఇప్పుడు మన భవనానికి వద్దాం. పెద్ద హాల్లో 400 మంది కూర్చుంటారని లెక్క. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 350 బీటీయూల వేడి వదులుతాడని లెక్క వేస్తారు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు. ఆ రోజుల్లో ఒక టన్ను మంచుగడ్డ ఇరవైనాలుగు గంటల్లో కరిగితే లాగే వేడికి పెట్టిన పేరిది. అంటే జనానికే దాదాపు 12 టన్నులు కావాలి, పైకప్పు, గోడలు, దీపాలు, వంటగది వేరు. ఏడాదికి నాలుగైదు సార్లు ఇంత యంత్రమూ కావలసిందే. కాని తక్కిన రోజుల్లో ఆ భవనంలో ఎవరుంటారు? వారం మధ్యలో పిల్లలు బళ్ళకు, మనం పనులకు పోయాక, పాతికమంది పెద్దలు. రామాయణం చదువుకుంటారు, పేకాడుకుంటారు, కాఫీ కాచుకుంటారు. ఆ పాతికమంది కోసం ఆ ఏనుగును లేపుతారు. అది ఐదు నిమిషాలు బుసకొట్టి, థెర్మోస్టాటు ఉన్నచోటు చల్లబడగానే పడుకుంటుంది. గాలిలోని తేమను పిండటానికి యంత్రం నెమ్మదిగా, చాలాసేపు నడవాలి. ఇలా లేచి పడుకునే యంత్రం గాలిని చల్లబరుస్తుంది గాని తేమను తీయదు. హ్యూస్టన్ తేమ గురించి మీకు నేను చెప్పాలా? బట్టలు చెమ్మగా, కీళ్ళు పట్టేసినట్టుగా, నేలమాళిగలో కూర్చున్నట్టు ఉంటుంది.

పైగా ఆ థెర్మోస్టాటు వేదిక పక్కన, నిలబడ్డ మనిషి కళ్ళెత్తున ఉంటుంది. పెద్దల గది భవనం అవతలి చివర, పడమటి వైపు. దాని వేడి దీనికెలా తెలుస్తుంది? కూర్చున్నవాడి సుఖాన్ని చీలమండ దగ్గర, నడుము దగ్గర, తల దగ్గర, అంటే నేలనుంచి 10, 60, 110 సెంటీమీటర్ల ఎత్తులో కొలవమని ఆ ఆష్రే ప్రమాణమే చెబుతోంది. నేల 19 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలని కూడా ఉంది, అదీ బూట్లు తొడుక్కున్నవాళ్ళకు. మనవాళ్ళు చెప్పులు బయట విడుస్తారు, కొందరు జంపఖానా మీదే కూర్చుంటారు. ఆ గదికి నిగనిగలాడే రాతి పలకలు వేస్తున్నామని నివేదికలో గర్వంగా రాసుకున్నారు.

ఇక ముఖ్యమైన సంగతి. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. చాలామందికి రోజుల తరబడి రాలేదు, బయట వేసవి మండిపోతోంది. మనలో ఎంతమంది తల్లిదండ్రులను కార్లలో కూర్చోబెట్టి, ఇంజను ఆపకుండా ఊరంతా తిప్పారో గుర్తు తెచ్చుకోండి. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను తర్వాత ఫ్లోరిడాలోని హాలీవుడ్ అనే ఊళ్ళో ఒక నర్సింగ్ హోములో ఏసీకి కరెంటు పోయి, వేడికి 12 మంది వృద్ధులు ప్రాణాలు విడిచారు. వీధికి అవతల పక్కనే పెద్ద ఆసుపత్రి ఉంది. ఆ మరుసటి ఏడాది ఆ రాష్ట్రం చట్టం చేసింది: వృద్ధులను ఉంచే ప్రతి చోటా, కరెంటు పోయినా 96 గంటలపాటు వేడి 81 దాటకుండా నిలిపే ఏర్పాటు ఉండాలి. ఫ్రాన్సులో 2003 ఆగస్టులో దాదాపు 15,000 మంది, అత్యధికులు వృద్ధులు, వేడికి పోయాక అక్కడి వృద్ధాశ్రమాల్లో కనీసం ఒక్క గదైనా చల్లగా ఉంచి తీరాలన్నారు. భవనమంతా అక్కర్లేదు, ఒక్క గది చాలు. మన పెద్దల గది అలాంటి గది ఎందుకు కాకూడదు? తుఫాను వెళ్ళిన మర్నాడు పాతికమంది పెద్దలను తెచ్చి కూర్చోబెట్టగల చోటు మన చేతిలో ఉండి కూడా, దానికి జనరేటరు బిగించే తీగ ముందుగా వేయకపోతే ఎట్లా?

ఖర్చంటారు. ఆ మాట ముందుగానే నా చెవిన పడింది. ఫైబర్‌తో చేయించే కాకతీయ తోరణానికి, దాని మీద రంగులు మారే దీపాలకు ఎంతవుతుందో నివేదికలోనే ఉంది. నేను తోరణానికి వ్యతిరేకిని కాను, నాకూ ఫొటో దిగాలని ఉంటుంది. తోరణం మరో రెండేళ్ళ తర్వాత కూడా పెట్టుకోవచ్చు. గోడలు లేచాక గొట్టాలు మార్చడం మాత్రం కుదరదు. పెద్దల గదికి విడిగా చిన్న యంత్రం, వేగం పెంచుకునీ తగ్గించుకునీ నడిచేది, పెడితే పెద్ద యంత్రాన్ని వారానికి ఐదు రోజులు నిద్రపుచ్చవచ్చు. కరెంటు బిల్లులో ఎంత మిగులుతుందో ఇంజనీరు మిత్రులు లెక్క వేసి వచ్చే సంచికలో అచ్చువేస్తే, నాకంటే కోశాధికారిగారే ఎక్కువ సంతోషిస్తారు.

అందుచేత రాబోయే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. పెద్దల గదికి వేరే యంత్రం, వేరే థెర్మోస్టాటు. అది కూర్చున్నవాళ్ళ ఎత్తున, పెద్ద అంకెలతో, రెండు కొలమానాలూ కనబడేలా, చేత్తో తిప్పే మీటతో ఉండాలి. దాన్ని 74కి దిగువకూ 79కి ఎగువకూ పోకుండా లోపలే కట్టివేయాలి. చల్లగాలి పడే జాలీలు కుర్చీల నెత్తిన ఉండకూడదు. పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు రెండు. రాతి పలకలకు బదులు కాలికి చల్లగా తగలని నేల. జనరేటరు ఇప్పుడే కొనకపోయినా దానికి తీగలు, మీట, బయట గచ్చు ఇప్పుడే సిద్ధం చేయాలి. గుత్తేదారుతో సంతకాలు ఈ సమావేశం అయ్యేదాకా ఆపాలి.

నియమావళి ప్రకారం తీర్మానాన్ని బలపరచడానికి ఇద్దరు సభ్యులు కావాలి. ఒకరు దొరికారు, ఆయన వయసు 81, గత ఉగాదికి సన్మానం అందుకున్నారు. రెండోవారు నలభై లోపువారై, అదే సభలో థెర్మోస్టాటు దించినవారిలో ఒకరైతే మరీ సంతోషం.